దాపట పెంటన్న, ఎలపట భీమన్న

నడిమిదొడ్డికి అన్నీ ఉన్నాయి. వీపనగండ్ల మండలంలో ఏ ఊరికీ తీసిపోనంత ఎండ ఉంది. సెల్ టవరుంది. మిరపచేలున్నాయి. మూడు పార్టీలున్నాయి. లేనిది బస్సొక్కటే.

నిజం చెప్పాలంటే బస్సు రెండుసార్లు వచ్చింది. వచ్చి, ఊరిని చూసి, జడుసుకుని పోయింది.

మొదటిసారి నిచ్చెన పార్టీ శ్రవణ్ కుమార్ పొలిమేర దాకా ఎదురెళ్లి, బస్సు ముందర కొబ్బరికాయ కొట్టి, ముందు అద్దం నిండా తన ఫొటో అంటించాడు. డ్రైవరుకు రోడ్డు కనబడలేదు గానీ రోడ్డుకు శ్రవణ్ కుమార్ బాగానే కనబడ్డాడు. అది చూసి చెంబు పార్టీ భీమన్న బస్సుకు అడ్డంగా పడుకున్నాడు. పార పార్టీ పెంటయ్య వచ్చి, పడుకున్న భీమన్నకు అడ్డంగా కూర్చున్నాడు. "అడ్డం పండుకునే హక్కు కూలోళ్లది. దుకాణపోళ్లది కాదు. లెవ్వు!" అన్నాడు. బస్సు వెనక్కి నడిచి వెళ్లిపోయింది. వెనక్కి నడవడం ఆ రోడ్డు మీద ఎంత కష్టమో ఆ రోడ్డు మీద ముందుకు నడిచినవాళ్లకు తెలుసు.

రెండోసారి ముగ్గురూ బుద్ధి తెచ్చుకుని, ఒకరికొకరు అడ్డం రాకుండా, తలా ఒకవైపు జెండాలు, దండలు, తోరణాలు కట్టారు. డిపోకు తిరిగొచ్చిన బండిని చూసి మేనేజరు నోరు తెరిచాడు. "ఇది బస్సా, బతుకమ్మా?" అన్నాడు. మర్నాటి నుంచి రాలేదు.

మూడోసారి అడగడానికి వెళ్లింది కొత్త సర్పంచి జోగులమ్మ. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కదా, ఆమెకు కత్తెర గుర్తొచ్చింది. మూడు పార్టీల ఓట్లనూ తలా ఇంత కత్తిరించుకుని గెలిచింది. ఏ పార్టీ మనిషీ కాదు కాబట్టి మూడు పార్టీలకూ ఆమె మీద సమానంగా కోపం.

"బస్సిస్తనమ్మా. కాని మీ ఊరి మూడు పార్టీలు కలిసి అడగాలె" అన్నాడు మేనేజరు.

"ముగ్గురితోని సంతకాలు పెట్టించుకొస్త సార్."

"సంతకాలు వద్దు. పోయినసారి ముగ్గురికి ముగ్గురు ఆ సంతకం మాది కాదన్నరు. ఫొటో తే. ముగ్గురు ఒక్క వరుసల కుర్చీలేసుకొని కూసోవాలె. మొకాలు కనబడాలె. ఫొటోల ఉన్నది నేను కాదని ఎట్లంటరో చూస్త. శనివారం లోపల ఫొటో వస్తె సోమవారం నుంచి బస్సు. రాకుంటె ఆ బండి వేరే మండలానికి పోతది."

జోగులమ్మకు ఆ సోమవారం మామూలు సోమవారం కాదు. ఆమె బిడ్డ సుహాసినికి వనపర్తిలో ఇంటర్ సీటొచ్చింది. కాలేజీ తెరిచేది ఆ రోజే. సుహాసిని తండ్రి కృష్ణయ్య చెడ్డవాడు కాదు గానీ ఒక్కమాట మనిషి. "బస్సుంటె పోతది. లేకుంటె మిరప చేనుకు పోతది. పన్నెండు మంది వేలాడే ఆటోల పిల్లను పంపేది లేదు" అన్నాడు. ఆయన అన్నాడంటే, మార్చడానికి మళ్లీ ఎన్నికలు పెట్టాలి. కాబట్టి శనివారం ఫొటో దిగితే సుహాసిని కాలేజీకి, దిగకుంటే కలుపుతీతకు.

శుక్రవారమే ముగ్గురినీ అడిగింది. ముగ్గురూ సరేనన్నారు. జోగులమ్మ అక్కడే అనుమానపడాల్సింది.

శనివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వీపనగండ్ల నుంచి ఫొటో స్టూడియో సాంసన్ కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. జోగులమ్మ గద్వాల చీర కట్టుకుంది. తాను ఫొటోలో ఉండకపోయినా ఫొటో తీస్తున్నప్పుడు మంచి చీర కట్టుకోవాలని ఆమెకొక నమ్మకం. సుహాసిని చేతిలో కాలేజీవాళ్లిచ్చిన కాగితాల కవరు పట్టుకుని గోడకానుకుని నిలబడింది.

ముగ్గురు నాయకులూ ఒకేసారి వచ్చి, ఒకేసారి నడిమి కుర్చీ మీద చెయ్యి వేశారు.

"నడుమ నేను కూసుంట" అన్నాడు శ్రవణ్ కుమార్. "కొసకు కూసున్నోన్ని పేపరోళ్లు కోసేస్తరు. పోయిన నెల ఫొటోల నా చెయ్యొక్కటే వచ్చింది. మా ఇంటోళ్లు చెయ్యిని చూసి గుర్తుపట్టిండ్రు."

"వయసుకు విలువియ్యి తమ్మీ. నడుమ పెద్దమనిషి కూసుంటడు, అది మన పద్ధతి" అన్నాడు భీమన్న. ఆయనకు ఊళ్లో ఎరువులు, పురుగుమందుల దుకాణముంది. పద్ధతుల స్టాకు కూడా అక్కడే ఉంటుంది.

"నీ పద్ధతుల ఎప్పుడన్న మేం నడుమ కూసున్నమా? ఇన్నేండ్లు కొసకే ఉన్నం. ఇయ్యాల నడుమనే" అన్నాడు పెంటయ్య. ఎర్ర తువ్వాలు తీసి కుర్చీ మీద పరిచాడు. ఆర్టీసీ బస్సు లేకపోయినా ఆర్టీసీ అలవాటు మాత్రం ఊరికొచ్చేసింది.

నడిమి కుర్చీ కోసం ముగ్గురూ నడుం కట్టారు. ఇంకాసేపుంటే నడుములు విరుగుతాయని జోగులమ్మకు అర్థమైంది.

"కుర్చీలు తీసేసి బల్ల వేస్త" అంది.

"బల్లకు నడుముండదా?" అన్నారు ముగ్గురూ. వాళ్లు ఏకగ్రీవంగా అన్న మొదటి మాట అదే.

"చీటీలు వేస్త."

"చీటీలు ఎవరు మడుస్తరు?"

సరిగ్గా అప్పుడు స్కూటరు దిగాడు నిరంజన్ సారు. సారుది ఈ ఊరే. నాగర్‌కర్నూల్లో రాజనీతిశాస్త్రం చెప్పి చెప్పి రిటైరై, ఇప్పుడు వనపర్తిలో ఉంటూ చేను చూసుకోవడానికి వారానికోసారి వస్తాడు. బతుకంతా ఆయన పాఠం మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడులోనే పడింది. దేశంలో రాజనీతి ఎందుకు నిద్రపోతోందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మూడు పార్టీలు, మూడు కుర్చీలు, మేలుకుని ఉన్న మనుషులు! సారు కళ్లు తడిశాయి.

"జోగులమ్మా, దీనికి శాస్త్రం ఉంది" అన్నాడు. "ఏ పార్టీ ఎక్కడ కూర్చోవాలో ఎప్పుడో తేలిపోయింది. రాజకీయ వర్ణపటం!"

"పటం తెచ్చిండ్రా సార్? మేకు కొట్టమంటరా?" అన్నాడు సాంసన్.

"గోడకు కాదయ్యా, బుర్రకు తగిలించుకునేది. వినండి. ఫ్రాన్సు దేశంలో రెండు వందల ఏళ్ల కిందట ఒక పెద్ద సభ జరిగింది. రాజుగారి అధికారం ఉండాలనేవాళ్లు అధ్యక్షుడికి కుడిపక్కన కూర్చున్నారు. అధికారం తగ్గించాలనేవాళ్లు ఎడమపక్కన కూర్చున్నారు. అప్పటినుంచి లోకంలో ఉన్న పార్టీలన్నీ ఎడమ, కుడి, మధ్య అనే లెక్కలోకే వస్తాయి."

"మరి నడుమ ఎవరు కూసున్నరు సార్?" అడిగాడు పెంటయ్య.

"ఎటూ తేల్చుకోనివాళ్లు. గాలి ఎటు వీస్తుందో చూసుకునేవాళ్లు."

అందరూ శ్రవణ్ కుమార్ వైపు చూశారు. ఆయన మొదట పార పార్టీలో పుట్టి, చెంబు పార్టీలో పెరిగి, నిచ్చెన పార్టీలో ఎక్కినవాడు.

"గాలి చూస్తె తప్పేంది? తూర్పారబట్టేటోడు గాలి చూడకుంటె కండ్లల్ల పొట్టు పడతది" అన్నాడు శ్రవణ్ కుమార్. ఆ మాట బాగుందని ఆయనకే అనిపించి చుట్టూ చూశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇంతకు ఆ ఫ్రాన్సోళ్లకు బస్సొచ్చిందా సార్?" అని అడిగింది జోగులమ్మ.

సారు ఆ ప్రశ్నను సిలబస్‌లో లేని ప్రశ్నగా వదిలేసి, భీమన్న వైపు తిరిగాడు. "భీమన్నా, శాస్త్రం ప్రకారం నువ్వు మితవాదివి."

భీమన్న మొహం ఆయన దుకాణంలో ఎండు మిరప విత్తనం సంచి మీది బొమ్మలాగా ఎర్రబడింది. పాలమూరులో వడ్డీని మిత్తి అంటారు. ఆయన దుకాణం ఉద్దెర మీద నడుస్తుంది.

"మిత్తివాదినా? నేనా? సార్, మీరు సదువుకున్నోళ్లని ఊకుంటున్న. నేనెవ్వని కాడ మిత్తి తీసుకున్న?"

"నా కాడ" అన్నాడు పెంటయ్య.

"మిత్తి కాదయ్యా, మితం! మితం!" సారు చేతులూపాడు. "అంటే, ఏదైనా మెల్లగా, మితంగా మారాలనేవాడు."

"గది నిజమే సార్. మితంగనే తీసుకుంటడు. పంట పోయినేడు ఇంక జర మితం చేసిండు" అన్నాడు పెంటయ్య. జనం నవ్వారు. భీమన్న కూడా నవ్వబోయి, పార్టీ గుర్తొచ్చి మానుకున్నాడు.

"పెంటన్నా, నీది వామపక్షం" అన్నాడు సారు.

"వామా? కడుపునొస్తె నములుతం గదా, గదేనా?" అంది జోగులమ్మ.

"గదే అక్కా. నన్ను చూస్తె కొందరికి కడుపునొస్తది. వాళ్ల కోసరమే నా పక్షం" అని పెంటయ్య ఛాతీ విరుచుకున్నాడు.

"ఇక శ్రవణ్ కుమార్, నువ్వు మధ్యేవాదివి."

శ్రవణ్ కుమార్ గబుక్కున వెనక్కి చూసుకున్నాడు. జనంలో వాళ్లమ్మ లలితమ్మ ఉంది. "సార్, జర మెల్లగ! మా అమ్మ ఇంటది. నేను బంద్ చేసిన సార్, దేవుని తోడు, ఎప్పుడో బంద్ చేసిన."

"మద్యం కాదు నాయనా, మధ్య! నడుమ!"

"అట్ల చెప్పుండ్రి. గుండె ఆగినంత పనైంది."

సారుకు ఉత్సాహం పొంగింది. పాఠం చెప్తే చాలదు, ప్రయోగం చేయాలనుకున్నాడు. "ఇప్పుడు ప్రశ్నలడుగుతాను. మీ జవాబులే మిమ్మల్ని ఎడమకు, కుడికి, మధ్యకు వేరు చేస్తాయి. రైతుకు కరెంటు ఉచితంగా ఇవ్వాలా?"

"ఇయ్యాలె!" అన్నారు ముగ్గురూ.

సారు కొంచెం తడబడ్డాడు. "అప్పులు మాఫీ చేయాలా?"

"చెయ్యాలె!"

"పన్నులు?"

"తీసెయ్యాలె!"

"మరి డబ్బెక్కడి నుంచి రావాలి?"

"కేంద్రం నుంచి!"

ఎర్రగా మొదలై ఊదారంగు దాకా పరుచుకోవాల్సిన వర్ణపటం, కళ్ల ముందే ముడుచుకుని ముడుచుకుని ఒక చుక్కయిపోయింది. ఆ చుక్క కూడా కేంద్రంలోనే ఉంది. కేంద్రమంటే మధ్య. అంటే శాస్త్రం ప్రకారం కూడా ముగ్గురూ నడిమి కుర్చీకే అర్హులు.

"చూసిండ్రా, సారే చెప్పిండు!" అని ముగ్గురూ మళ్లీ ఆ కుర్చీ మీద పడ్డారు. కుర్చీ కాలొకటి కిర్రుమంది.

"ఆగండయ్యా! అన్నిటికీ ఒకే జవాబు చెప్తే మీకూ మీకూ తేడా ఏముంది?"

"మస్తుంది సార్" అన్నాడు భీమన్న. "వాళ్లు చెప్తరు గని చెయ్యరు."

"మేం కూడ వాళ్ల గురించి గదే అంటం" అన్నాడు పెంటయ్య.

జోగులమ్మకు ఓపిక అయిపోయింది. ఎండ ముదురుతోంది. సుహాసిని కాగితాల కవరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. గోడ పక్కన కృష్ణయ్య నిలబడి, ఫొటో అయ్యేది లేదులే అన్నట్టు కొడవలి పదును వేలితో చూసుకుంటున్నాడు. ఆ వేలిని చూసి జోగులమ్మ గొంతు పెంచింది.

"ఇగో, ఇనుండ్రి. మీ మూడు పార్టీలల్ల ఆడపిల్లలు లేరా? పెంటన్నా, నీ మనుమరాలు రెబెకా ఏడ సదువుతది? భీమన్నా, మీ జయశ్రీ ఎక్కేది ఏ బస్సు? సారు చెప్పిన తీరుగ కూసుంటె కూసోండ్రి. లేకుంటె మీ ముగ్గురి పేర్లు రాసి, ఈళ్ల వల్లనే బస్సు రాలేదని గుడికాడ ఒకటి, మసీదుకాడ ఒకటి, చర్చికాడ ఒకటి ఫ్లెక్సీ కట్టిస్త. ఫ్లెక్సీల మాత్రం నడుమ ఎవరుండాలో నేనే చూస్త."

ఫ్లెక్సీ మాటకు ముగ్గురూ చల్లబడ్డారు. పెంటయ్య ముందుగా ఒప్పుకున్నాడు. "ఎడమంటె మాకు కొత్తనా? పార్టీల పేరు రాసుకున్నకాడి నుంచి ఎడమే."

భీమన్న ఆలోచించాడు. "తినే చెయ్యి కుడిది. దండం పెట్టుకుంట తిరిగేది కుడికి. కొత్త కోడలు పెట్టేది కుడికాలు. కుడి శుభం. నేను కుడికే కూసుంట."

"మరి శ్రవణ్, మధ్యలో కూర్చునేవాడికి గట్టి సిద్ధాంతమేమీ ఉండదని లోకం అంటుంది. నీకు పర్వాలేదా?" అన్నాడు సారు.

"సిద్ధాంతం లేకుంటె ఏంది సార్, కుర్చీ ఉంది గదా" అని శ్రవణ్ కుమార్ నడుమ కూర్చున్నాడు.

అయిపోయిందనుకున్నారు. సాంసన్ కెమెరా ఎత్తాడు.

"ఆగాగు!" అన్నాడు సాంసన్ పక్కన నిలబడ్డ నిరంజన్ సారు. "పెంటయ్య కుడివైపు కూర్చున్నాడు."

పెంటయ్య తన ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. "ఇది ఎడమ చెయ్యి గాదా సార్? నేను ఎడమకొసనే ఉన్న."

"అది నీ ఎడమ. ఇక్కడినుంచి చూస్తే కుడి. పేపర్లో ఏమని రాస్తారు? ఎడమ నుంచి కుడికి అని రాస్తారా లేదా? అప్పుడు మొదటి పేరు భీమన్నదవుతుంది."

"నేను ఎడమకా?" భీమన్న లేచి నిలబడ్డాడు. "ఈ ఫొటో మా పెద్దోళ్లు చూస్తె నన్ను పార్టీల ఉంచుతరా?"

ఇద్దరూ లేచి కుర్చీలు మార్చుకున్నారు. కూర్చున్నాక పెంటయ్య తన ఎడమచెయ్యి మళ్లీ చూసుకున్నాడు. అది శ్రవణ్ కుమార్ తొడ మీదికొచ్చింది. "సార్, ఫొటో చూసేటోనికి నేను ఎడమే గావచ్చు. ఈడ కూసున్నోనికి నేను కుడి. రేపు మా యూనియనోళ్లు అడిగితె ఏం చెప్పాలె? మొకం ఎడమ, మనిషి కుడి అని చెప్పాల్నా?"

మళ్లీ మార్చుకున్నారు. మళ్లీ సారు కాదన్నాడు. అటూ ఇటూ తిరుగుతున్న ఇద్దరి మధ్యా శ్రవణ్ కుమార్ ఒక్కడే కదలకుండా కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. మధ్యేవాదంలో ఇంత సుఖముందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

సాంసన్‌కొక ఉపాయం తట్టింది. "సెల్ఫీ తీస్త అన్నా. సెల్ఫీల అద్దం లెక్క ఎడమ ఎడమకే కనబడతది." ఫోను తీసి తిప్పి పట్టుకున్నాడు. నిజమే, తెర మీద ఎవరి ఎడమ వాళ్లకే ఉంది. కాని వెనక గోడ మీది గ్రామ పంచాయతీ అనే అక్షరాలు కూడా తిరగబడి, ఏ దేశపు పంచాయతీయో తెలియకుండా పోయాయి.

"ఇదే ఫ్రాన్సు గావచ్చు" అన్నాడు శ్రవణ్ కుమార్.

భీమన్న ప్లాస్టిక్ కుర్చీ వేడికి లేచి నిలబడి, చేతులు రెండూ నడుం మీద పెట్టుకున్నాడు. దుకాణం పెట్టకముందు ఆయన అరక దున్నినవాడే. "సార్, మీ శాస్త్రం ఎవరి దిక్కు నుంచి చూడాల్నో చెప్తలేదు. మా శాస్త్రం చెప్తది. అరకకు ఎడ్లను కడతం. ఎడమకున్నది దాపటెద్దు, కుడికున్నది ఎలపటెద్దు. అవునా పెంటన్నా?"

"అవు" అన్నాడు పెంటయ్య. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం చూసి జనం దగ్గరకు జరిగారు.

"ఎదురుంగ మనిషొచ్చి చూస్తె దాపటెద్దు ఎలపటెద్దయితదా?"

"ఎట్లయితది? దాపటిది దాపటిదే. దున్నేటోడు ఎనకనుంచి చూస్తడు. ఆయన లెక్కనే లెక్క."

"గంతే! ఎనకనుంచి చూసిందే ఎడమ, ఎనకనుంచి చూసిందే కుడి. సాంసన్, నువ్వు ఎనకకు పో!"

సాంసన్ కెమెరా దించాడు. "ఎనకనుంచా? అన్నా, నేను మస్తు పెండ్లిళ్లు తీసిన. పెండ్లికొడుకు మీద అలిగిన అత్త కూడ ఎనకనుంచి తియ్యమని ఎన్నడు చెప్పలే."

"తియ్యి" అన్నాడు పెంటయ్య.

"తియ్యాల్సిందే" అన్నాడు భీమన్న.

శ్రవణ్ కుమార్‌కు ఎటునుంచి తీసినా నడుమే. "తియ్యి తమ్మీ" అన్నాడు.

నిరంజన్ సారు మొదట నుదురు రుద్దుకున్నాడు. తర్వాత వేళ్లతో గాలిలో ఏదో గీసి చూసుకున్నాడు. "పరిశీలకుడి స్థానం స్థిరమైతే దిశ స్థిరమవుతుంది. శాస్త్రీయమే!" అన్నాడు. ముప్పై ఏళ్ల పాఠంలో రాని చప్పట్లు అప్పుడు వచ్చాయి, అదీ భీమన్నకు.

సాంసన్ కుర్చీల వెనక్కి వెళ్లాడు. దాపట పెంటయ్య వీపు, ఎలపట భీమన్న వీపు, నడుమ శ్రవణ్ కుమార్ వీపు. ఎడమది ఎడమకు, కుడిది కుడికి, ఎవరికీ వంక పెట్టే వీలు లేకుండా కుదిరాయి. మండలం పేరు వీపనగండ్ల అయినందుకు ఇన్నాళ్లకు న్యాయం జరిగింది. ఎవరి వీపు వాళ్లు చూసుకోలేరు కాబట్టి ముగ్గురూ తృప్తిగా ఉన్నారు.

ఒక్క జోగులమ్మకే ఏడుపొచ్చింది. "మొకాలు కనబడాలన్నడు అన్నా, మేనేజరు! వీపులు తీస్కపోతె ఏమంటడు? ఎవని వీపో ఏమెరక అంటడు. ఒక్కసారి ఇటు మర్లుండ్రి."

"మర్లితె ఎడమ కుడైతది" అన్నాడు పెంటయ్య.

"అంత కష్టపడి తెచ్చిన శాస్త్రం ఆగమైతది" అన్నాడు భీమన్న.

సుహాసిని గోడ దగ్గర్నుంచి కదిలింది. కవరును తల్లి చేతిలో పెట్టి, తండ్రి వైపు నడిచి, కొడవలి కోసం చెయ్యి చాపింది. ఏడవలేదు. చేను తడి ఆరకముందే పోవాలన్నట్టు నడిచింది, అంతే.

ఆ చాపిన చెయ్యి చూసి జోగులమ్మకు ఏమైందో గానీ, సాంసన్ వెనక, ఆఫీసు పక్కనున్న బాట వైపు చెయ్యి చూపి ఊరు అదిరేలా అరిచింది. "అగో! బస్సొచ్చింది!"

ముగ్గురు నాయకులూ ఒక్కసారిగా మెడలు తిప్పారు. ఒళ్లు కుర్చీల్లోనే ఉన్నాయి, పక్షాలు పక్షాల్లోనే ఉన్నాయి, మొహాలు మాత్రం మూడూ వెనక్కి తిరిగాయి. కళ్లు పెద్దవయ్యాయి. నోళ్లు తెరుచుకున్నాయి. పెంటయ్య లేచి ఉరకబోతున్న మనిషిలా ఉన్నాడు. భీమన్న నవ్వుతున్నాడు. శ్రవణ్ కుమార్ ఫొటో అంటించడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాడు.

క్లిక్ మంది.

"ఏది? బస్సేది?" అన్నారు ముగ్గురూ.

"సోమవారం వస్తది" అంది జోగులమ్మ. సాంసన్ చేతిలోంచి కెమెరా లాక్కున్నంత పని చేసి, చూసుకుని, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

భీమన్న గోల పెట్టాడు, ఇది మోసమన్నాడు. మెడ పట్టేసిందన్నాడు. పెంటయ్య ఫొటోను దగ్గరికి పట్టుకుని చూశాడు. "నవ్వినవు గదనే" అన్నాడు భీమన్నతో. "బస్సంటె నీకు గింత ఇష్టమని నాకు తెల్వది."

"నువ్వు లేసి ఉరుకుతున్నవు. అదేందో చూస్కో ముందుగాల."

నిరంజన్ సారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు ఆ ఫొటో చూశాడు. ఎడమ, మధ్య, కుడి అన్నీ సరిగ్గా ఉన్నాయి. చూపులు మాత్రం ముగ్గురివీ ఒకవైపే. ఇది పాఠంలో ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

మధ్యాహ్నానికి డిపోలో మేనేజరు ఫొటోను తిప్పి తిప్పి చూశాడు. "ముగ్గురి మెడలు ఎట్ల తిప్పినవమ్మా? మా వల్ల గాలేదు" అన్నాడు. కాగితం మీద రూటు రాశాడు. ఒక షరతు పెట్టాడు. జెండాలుండొద్దు, దండలుండొద్దు, కొబ్బరికాయ మనుషులే తినాలి, బస్సుకు పెట్టొద్దు.

సోమవారం పొద్దున బస్సొచ్చింది. ఎవరూ అడ్డం పడుకోలేదు. కృష్ణయ్య బిడ్డ సంచిని తానే మోసుకొచ్చి, మెట్ల దగ్గర ఇచ్చి, "సందేలకు రావాలె" అని బస్సుకు చెప్పాడో బిడ్డకు చెప్పాడో తెలియకుండా చెప్పి వెళ్లిపోయాడు. సుహాసిని, రెబెకా, జయశ్రీ ముందే ఎక్కి కిటికీలు పట్టుకున్నారు. వాళ్ల వెనక ఊళ్లో ఉన్న ఆడవాళ్లలో సగంమంది, వనపర్తిలో పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, ఆధార్ కార్డులు చేతపట్టుకుని ఎక్కారు. ఉచిత ప్రయాణమంటే కుడీ ఎడమా చూడని పక్షం అదొక్కటే.

బస్సును తెచ్చింది తామేనని తలా ఒకరికి చెప్పుకోవడానికి ముగ్గురు నాయకులూ ఎక్కారు. ముందు సీట్లు స్త్రీలవి, వెనక సీట్లు కూడా స్త్రీలవే అయిపోయాయి. ముగ్గురూ దారి మధ్యలో పైకడ్డీ పట్టుకుని వేలాడారు. పోటీపడి కోరుకున్న నడుమ ఇన్నాళ్లకు ముగ్గురికీ సమానంగా దొరికింది.

"జర ముందుకు జరుగుండ్రి, ముందుకు!" అంటూ కండక్టరు వాళ్ల వీపుల మీద చేతులేసి తోసింది.

ఊరి బయట నాలుగు బాటల కాడ బస్సాగింది. డ్రైవరు ఈ దారికి కొత్త. తల వెనక్కి తిప్పకుండానే అడిగాడు. "ఎటు పోవాలె?"

"ఎడమకు!" అన్నాడు పెంటయ్య, ఆలోచించకుండానే. అలవాటు.

"కుడికి!" అన్నాడు భీమన్న, ఆయనా ఆలోచించకుండానే.

"చూస్కొని పో తమ్మీ" అన్నాడు శ్రవణ్ కుమార్.

సుహాసిని కిటికీ పక్క నుంచి లేచి నిలబడింది. "అన్నా, వనపర్తికి కుడికి పోవాలె. తొమ్మిదిన్నరకు ఫస్టు క్లాసుంది. జర జల్ది."

బస్సు కుడికి తిరిగింది. తిరుగుడుకు పెంటయ్య ఒరిగి భీమన్న మీద పడ్డాడు. భీమన్న పట్టుకుని నిలబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి, "సూసినవా, మొదటి దినమే కుడికి మర్లింది" అన్నాడు.

పెంటయ్య తువ్వాలు సర్దుకున్నాడు. "అది పోయేటప్పుడు. మర్లి వచ్చేటప్పుడు ఇదే కాడ ఎడమకు తిరుగుతది. ఇంటికి చేర్చేది ఎడమే."

భీమన్న కాసేపు లెక్కవేసుకున్నాడు. వేళ్లతో ఎడ్లను కట్టి, బాట గీసి, మలుపు తిప్పి చూసుకున్నాడు. ఎట్లా తిప్పినా పెంటయ్య మాటే నిజమవుతోంది.

"అయితె నేను సందేలకు ఆటోల వస్త" అన్నాడు.